గుండెకెదురుగా పట్టిన తాడు

కంప్యూటర్ తెర మీద చెరువు ఒక నీలం మచ్చ. క్యూజీఐఎస్ లాంటి మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో బఫర్ అన్న మాట మీద నొక్కితే చిన్న పెట్టె తెరుచుకుని నాలుగైదు ప్రశ్నలు అడుగుతుంది. దూరమెంత? వంపు తిరిగేచోట ఎన్ని ముక్కలుగా గీయాలి? గీత కొస గుండ్రంగా ఉండాలా, చదరంగానా? పక్కపక్క బఫర్లు తగులుకుంటే కలిపేయాలా? జవాబులిచ్చి రన్ నొక్కితే రెప్పపాటులో మచ్చ చుట్టూ ఇంకో పొర పరుచుకుంటుంది. ఆ పొరలో పడ్డ ఇంటికి నోటీసు వస్తుంది. పొర దాటి ఉన్న ఇంటికి బ్యాంకు లోను వస్తుంది. ఆ దూరం అంతే ఎందుకని మాత్రం పెట్టె అడగదు. పాపం, అది అడగాల్సిన ప్రశ్న కూడా కాదు.

మిగతా ప్రశ్నలకు వయసు చాలానే ఉంది. క్రీ.శ. 200 ప్రాంతంలో యూదు పండితులు సంకలనం చేసిన ధర్మశాస్త్రం మిష్నా. అందులో ఏరువీన్ అనే ప్రకరణం చదువుతుంటే ఎవరో సర్వే శాఖ మాన్యువల్ చేతికిచ్చినట్టుంటుంది. విశ్రాంతి దినమైన సబ్బాతు నాడు ఎవరూ తమ చోటు విడిచి పోకూడదని నిర్గమకాండం ఆజ్ఞ. సంఖ్యాకాండంలో లేవీయుల పట్టణాల చుట్టూ వదలాల్సిన నేల సంగతి వస్తుంది. అక్కడ ఒక వచనంలో వెయ్యి మూరలని, మరుసటి వచనంలో రెండువేల మూరలని ఉంది. వెయ్యి మూరలు ఊరి బయలు, రెండువేలు సబ్బాతు నడకకు హద్దు అని రబ్బీ అకీబా ఆ రెంటినీ పొసగించాడు. మూర ఎంతన్నదాని మీద అభిప్రాయభేదాలున్నా, మొత్తం దూరం దాదాపు కిలోమీటరు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో సబ్బాతు పాటించే బెనె ఎఫ్రయీమ్ తెలుగు కుటుంబాలున్నాయి. వాళ్లు పాటించే ఆ సబ్బాతు గురించిన చర్చలే ఇవి.

దూరం తేలింది. ఇక ఆకారం మాటేమిటి? దారి మధ్యలో పొద్దుగూకి ఆగిపోయిన బాటసారికి తాను నిలిచిన చోటే ఊరు. అతనికి అన్ని దిక్కులా రెండువేల మూరలు చెల్లుతాయి. ఆ హద్దు గుండ్రంగా ఉంటుందన్నాడు రబ్బీ హనీనా బెన్ అంతిగోనస్. తక్కిన పండితులు ఒప్పుకోలేదు. చదరపు పలకలా ఉంటుందని, అప్పుడు మనిషికి నాలుగు మూలలూ కలిసొస్తాయని తీర్పు చెప్పారు. లెక్క వేసి చూస్తే వాళ్లు ఇచ్చింది చిన్న వరమేమీ కాదు. వృత్తం కన్నా చదరం 27 శాతం ఎక్కువ నేల. మూల వైపు నడిచేవాడికి 2000 బదులు 2828 మూరలు దక్కుతాయి. ఊళ్లకూ అంతే. గుండ్రటి ఊరైనా, వంకరటింకర ఊరైనా దాని చుట్టూ దిక్కులకు సరిగ్గా ఒక చతురస్రం ఊహించి, ఆ అంచు నుంచి కొలవమన్నారు. ఊరికి డెబ్బై మూరల పైచిలుకు దూరంలోపు ఉన్న ఇల్లు ఊళ్లో భాగమే. రెండు ఊళ్ల నడుమ దూరం అలాంటి రెండు డెబ్బైలకు మించకపోతే రెండూ ఒకటే ఊరు. ఇవాళ బఫర్ పెట్టెలో ‘డిజాల్వ్’ అన్న గడిలో టిక్కు పెడితే జరిగేది సరిగ్గా ఇదే.

కొలిచే పద్ధతి ఇంకా బాగుంటుంది. తాడు యాభై మూరలే ఉండాలి, తక్కువైనా ఎక్కువైనా పనికిరాదు. పొట్టి తాడు సాగుతుంది, పొడుగు తాడు నడుమ వేలాడుతుంది. పట్టుకునేవాళ్లిద్దరూ తాడును గుండెకెదురుగానే పట్టాలి. ఒకడు మెడ దగ్గర, ఒకడు కాళ్ల దగ్గర పడితే లెక్క తప్పుతుంది. లోయ అడ్డొస్తే తాడు పట్టినంత మేర ఇవతలి గట్టు నుంచి అవతలి గట్టుకు చాచి, దిగుడూ ఎక్కుడూ వదిలేయాలి. కొండ అడ్డొస్తే? కొండను ‘తొలవాలి’ అంటుంది మిష్నా. తొలవడమంటే సొరంగం కాదు. నాలుగు మూరల తాడు తీసుకుని, కింద ఉన్నవాడు గుండె దగ్గర, పైన ఉన్నవాడు పాదాల దగ్గర పట్టి మెట్టుమెట్టుగా కొలుచుకుంటూ పోవాలని వ్యాఖ్యానం. వాలు నేల మీద గొలుసును అడ్డంగా పట్టి మెట్లు మెట్లుగా కొలిచే పద్ధతి ఇంజినీరింగ్ కాలేజీల్లో సర్వేయింగ్ మొదటి పాఠాల్లో ఇప్పటికీ ఉంది. సముద్రం మీద సంగతి వేరు. ఒక శుక్రవారం చీకటిపడ్డాక ఓడ రేవు చేరింది. దిగొచ్చా, దిగకూడదా? రబ్బాన్ గమలీయేలు దిగమన్నాడు, పొద్దుండగానే ఓడ హద్దులోకి వచ్చేసిందని తాను చూశానన్నాడు. రెండువేల మూరల దూరం అంచనా కట్టడానికి ఆయన దగ్గర ఒక గొట్టం ఉండేదని మిష్నా మీద వ్యాఖ్యానమైన తాల్ముద్ కథనం.

ఇంత పట్టుదలగా కొలిచాక కూడా తప్పు దొర్లుతుందని వాళ్లకు తెలుసు. ఒకచోట కొలత ఎక్కువొచ్చి మరోచోట తక్కువొస్తే దేన్ని నమ్మాలి? ఎక్కువొచ్చినదాన్నే అంది మిష్నా. ఇద్దరు మనుషులు రెండు లెక్కలు చెప్తే పెద్ద లెక్కదే మాట. సాక్ష్యాల విషయంలో ఆ శాస్త్రం ఎంత బిగువుగా ఉంటుందో తెలిసినవాళ్లను కూడా ఆశ్చర్యపరిచే మాట ఇంకొకటుంది: ‘సబ్బాతు హద్దు ఇక్కడిదాకా’ అని ఇంటి దాసి చెప్పినా నమ్మొచ్చు. ఈ నియమం మనుషుల్ని బిగించడానికి పెట్టింది కాదు, వెసులుబాటు కోసం పెట్టింది కనక అని కారణం కూడా చెప్పారు. హద్దు ఎక్కడన్నది తాడు తేలుస్తుంది. కొలత తప్పితే ఆ తప్పు ఎవరి వైపు ఒరగాలన్నది తాడు తేల్చలేదు, అది ధర్మం తేల్చాల్సిన సంగతి. ఆ పండితులు ఈ రెండో ప్రశ్నను నియమంలోనే రాసిపెట్టుకున్నారు.

సాఫ్ట్‌వేర్‌లోనూ తప్పు ఒక వైపు ఒరుగుతుంది. ఎవరూ నిర్ణయించకుండానే ఒరుగుతుంది, అదీ తేడా. కంప్యూటర్ నిజమైన వృత్తం గీయదు, చిన్నచిన్న గీతలు అతికించిన బహుభుజి గీస్తుంది. క్యూజీఐఎస్‌లో ఏమీ మార్చకపోతే పావు వృత్తానికి ఐదు ముక్కలు, అంటే మొత్తం ఇరవై భుజాలు. మూలలన్నీ వృత్తం మీద ఉంటాయి, భుజాలు లోపలికి కుంగుతాయి. ఒక బిందువు చుట్టూ 10 కి.మీ. బఫర్ ఇలా గీస్తే 314 చదరపు కిలోమీటర్లు ఉండాల్సినచోట 309 వస్తుంది. ఐదు చదరపు కిలోమీటర్లు, అంటే పన్నెండు వందల ఎకరాల పైచిలుకు, చడీచప్పుడు లేకుండా రక్షణ బయటికి పోతుంది.

మ్యాపు ప్రొజెక్షన్ ఇంకా పెద్ద గండం. వెబ్ మ్యాపులు వాడే వెబ్ మెర్కేటర్‌లో కొలత పేరుకు మీటర్లే. కానీ భూమధ్యరేఖ నుంచి ఎడంగా జరిగేకొద్దీ అక్కడి మీటరు అసలు మీటరు కన్నా పొట్టిదవుతుంది. హైదరాబాద్ అక్షాంశం మీద ఆ లెక్కన గీసిన 10 కి.మీ. నేల మీద దాదాపు 9.54 కి.మీ. మాత్రమే. డిగ్రీల్లో ఉన్న లేయర్ మీద పొరపాటున 100 అని కొడితే వంద మీటర్లకు బదులు వంద డిగ్రీలు పరుచుకుని సగం భూగోళం చెరువు శిఖంలోకి వచ్చేస్తుంది. ఆ తప్పు కనిపిస్తుంది కాబట్టి నవ్వుకుని దిద్దుకుంటారు. 460 మీటర్ల తప్పు కనిపించదు.

పది కిలోమీటర్లన్న అంకె ఊరికే వాడలేదు. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్‌ను కాచుకోవడానికి కట్టినవి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. ఈ రెండింటి పూర్తి నీటిమట్టం నుంచి 10 కి.మీ. లోపు కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు కూడదని 1996 మార్చిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 111 ఇచ్చింది. 84 గ్రామాలు దాని కిందికి వచ్చాయి. ఈ గీతకు పల్లం తెలియదు. చెరువులోకి నీరు పారే ఎగువ నేల పది కిలోమీటర్ల అవతల కూడా ఉంటుంది, దాన్ని గీత వదిలేసింది. ఆనకట్ట దిగువన పడిన వాన ఎన్నటికీ చెరువెక్కదు, ఆ నేలను కొంత గీత పట్టుకుంది. నాలుగు వైపులా సమానంగా చూడటమే న్యాయమనుకునే గీత ఇది. మిష్నాలోనే తోళ్లు పదునుచేసే చోట్లకు వేరే నియమం ఉంది: ఊరికి యాభై మూరల ఎడం ఉండాలి, అదీ తూర్పు వైపునే. గాలి వాటం చూసి పెట్టిన హద్దు అది. అంకె చిన్నది, చూపు పెద్దది.

అయినా జీవో 111 వ్యాజ్యంలో తప్పు ఎటు ఒరగాలన్న ప్రశ్నకు ఒక తెలుగు న్యాయమూర్తి సూటిగా జవాబిచ్చారు. పది కిలోమీటర్ల లోపల నూనెల పరిశ్రమ పెట్టుకోవడానికి మినహాయింపు కావాలన్న కేసు సుప్రీంకోర్టుకు చేరింది. 1999 జనవరిలో జస్టిస్ ఎం. జగన్నాథరావు రాసిన తీర్పు ముందుజాగ్రత్త సూత్రాన్ని ముందుకు తెచ్చింది. చెరువు చెడిపోతుందని ప్రజలు రుజువు చేయనక్కర్లేదు. చెడిపోదని రుజువు చేసే బరువు కట్టదలచినవాడిదే. సైన్సు ఖాయంగా చెప్పలేనిచోట సందేహం నీటి పక్షాన నిలవాలన్నమాట. 2000లో అదే కోర్టు మినహాయింపును కొట్టేసింది. రబ్బీలు సందేహాన్ని నడిచే మనిషికిచ్చారు, జగన్నాథరావు నీళ్లకిచ్చారు. దిక్కులు ఎదురెదురుగా కనిపిస్తున్నా ఇద్దరిదీ ఒకటే జాగ్రత్త: సందేహం ఎవరికి దక్కాలో ముందే పేరుపెట్టి చెప్పడం. 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం జీవో 69తో ఆ ఆంక్షల్ని ఎత్తేసింది.

సరే, అంకె దగ్గరికే వద్దాం. 2012 నాటి భవన నిర్మాణ నియమాలు, జీవో 168, ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) నుంచి 30 మీటర్ల బఫర్. అంతకన్నా చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చి బుల్డోజర్లు కదిలాక ఈ రెండు అంకెలూ హైదరాబాద్‌లో టీ కొట్టు దగ్గర కూడా వినిపించాయి. 9.9 హెక్టార్ల చెరువుకు ఉన్నట్టుండి 21 మీటర్ల గౌరవం ఎలా తగ్గింది? క్రీ.పూ. నాలుగో శతాబ్దంలో మిలేటస్ వాడైన యూబులిడీస్ ఇదే చిక్కును ధాన్యపు గింజలతో వేశాడు. రాశిలోంచి ఒక్కో గింజ తీస్తూ పోతే రాశి కాకుండా పోయేది ఏ గింజ దగ్గర? మన కాలంలో తిమోతీ విలియమ్సన్ అనే బ్రిటిష్ తత్వవేత్త అలాంటి కచ్చితమైన గింజ ఒకటి ఉండనే ఉందని, మనకు తెలియడమే అసాధ్యమని వాదించాడు. బారీ స్మిత్ లాంటివాళ్లు హద్దుల్ని రెండు రకాలుగా విడదీశారు. సముద్ర తీరంలా నేలలోనే ఉన్నవి కొన్ని, జిల్లా సరిహద్దులా మనుషులు గీస్తే పుట్టినవి కొన్ని. విలియమ్సన్ వాదం ధాన్యపు రాశికి వర్తిస్తుందేమో గాని, పదో హెక్టారు దగ్గర ప్రకృతి దాచిపెట్టిన గీత ఉందంటే నమ్మడం కష్టం. అది మనుషులు పెట్టుకున్న ఒప్పందం. ఒప్పందం కావడం వల్ల దాని విలువేం తగ్గదు. ఒప్పందమని మరిచిపోయి ‘సిస్టమ్ చూపిస్తోంది’ అనడం దగ్గరే అసలు గొడవ.

గీత మీద కూర్చున్న ఇంటిని ఏం చేయాలి? సాఫ్ట్‌వేర్ దీనికి మూడు దారులు చూపిస్తుంది: గీత తగిలితే చాలు లోపలే అనొచ్చు, ఇల్లు మొత్తం లోపలుంటేనే లోపల అనొచ్చు, ఇంటి నడిబొడ్డు ఎటుంటే అటే అనొచ్చు. ఒక మెనూలో ఎంపిక మారితే వీధిలో సగం కొంపలు అటూ ఇటూ అవుతాయి. తాల్ముద్‌లో దీనికో ముచ్చటుంది. గూటికి యాభై మూరల లోపు దొరికిన పావురపు పిల్ల గూటి యజమానిది, అవతల దొరికితే దొరికినవాడిది. రబ్బీ యిర్మీయా లేచి, ఒక కాలు యాభై లోపల, ఒక కాలు బయట ఉంటేనో అని అడిగాడు. ఈ ప్రశ్న అడిగినందుకే ఆయన్ని చదువుల సభ నుంచి వెళ్లగొట్టారట! వెళ్లగొట్టినవాళ్ల చిరాకు అర్థమవుతుంది. ప్రతి గీతకూ ఇలా కాళ్లు చాపుకుంటూ పోతే ఏ నియమమూ నిలవదు. కానీ బఫర్ మీద సంతకం పెట్టే అధికారి టేబుల్ ముందు యిర్మీయా ఒకడు ఉండాల్సిందే. ఆ రెండో కాలు ఎవరిదో ఒకరి వంటిల్లు.

బౌద్ధులు ఇదే చిక్కును మరోలా తీర్చుకున్నారు. భిక్షుసంఘం ఉపసంపద (భిక్షు దీక్ష) లాంటి కర్మలు జరపాలంటే ‘సీమ’ కట్టాలి. వినయ పిటకం మూరల లెక్క చెప్పదు, గుర్తులు చెబుతుంది. కొండ, రాయి, వనం, చెట్టు, దారి, పుట్ట, నది, నీటి మడుగు వీటిలోంచి ఎంచుకోవాలి. మూడు యోజనాలకు మించకూడదు. నది మీదో సముద్రం మీదో అయితే సగటు మనిషి చుట్టూ నీళ్లు చిమ్మితే అవి పడేంత మేరే సీమ. ఒక సీమ ఇంకో సీమకు తగలకూడదు, నడుమ కొంత ఖాళీ విడవాలి. ఇక్కడ పండితులు వెసులుబాటు చూడలేదు. సీమ చెడితే అందులో జరిగిన దీక్షే చెల్లదు. 1851లో శ్రీలంక నైరుతి తీరాన బలపిటియలో నీటి మీద కట్టిన సీమకు ఒడ్డు నుంచి వేసిన వంతెన గొడవ తెచ్చింది. దానివల్ల సీమ ఒడ్డుతో కలిసిపోయిందని, కాబట్టి అక్కడి దీక్షలు అనుమానాస్పదమని కొందరు భిక్షువులు లేవనెత్తారు. అమరపుర శాఖ ఆ తగువులో చీలిపోయింది. ఒక చిన్న వంతెన, నీళ్లు చిమ్మేంత దూరం, ఒక సంప్రదాయంలో చీలిక.

శ్రీశైల క్షేత్రానికైతే వృత్తమూ లేదు, తాడూ లేదు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం నాలుగు ద్వారాలు. కొండకు నాలుగూ సమదూరంలో లేవు. కడప దగ్గరి సిద్ధవటం ఎక్కడ, నల్లమల అంచున ఉమామహేశ్వరం ఎక్కడ! పవిత్రత ఎక్కడ మొదలవుతుందంటే, మనిషి వచ్చే దారి మొదలయ్యేచోట. కేంద్రం నుంచి బయటికి కొలిచిన హద్దు కాదిది, బయటి నుంచి నడిచొచ్చేవాడి వైపు నుంచి పెట్టినది. ఇప్పుడదే నల్లమల పులుల అభయారణ్యం కూడా. వన్యప్రాణి చట్టం దాన్ని కోర్, బఫర్ అని విడదీసి, ఇంకో రకం పవిత్రతను ఇంకో రకం గీతతో కాపాడుతోంది. శివరాత్రికి కాలినడకన అడవి దాటే భక్తుడు రెండింటి మీదా నడుస్తాడు.

నడకకూ గీతకూ తేడా ఎంతో కేరళలో ఒక బారు యజమాని లోకానికి చూపించాడు. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మకూడదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2017 మార్చిలో చిన్న ఊళ్లకు దాన్ని 220 మీటర్లకు తగ్గించింది. ఉత్తర పరవూర్‌లో రోడ్డుకు దగ్గరగా ఉన్న ఆ బారు తన ఖాళీ స్థలంలో గోడలు పెట్టి మెలికలు తిరిగే దారి కట్టింది. కాకి ఎగిరే దూరం అంతే ఉంది, తాగేవాడు నడిచే దూరం మాత్రం అమాంతం పెరిగింది. కొన్ని రాష్ట్రాలు గోడల శ్రమ కూడా పడకుండా రహదారుల హోదానే మార్చేశాయి. బఫర్‌ను కదిలించడం కష్టమైతే, అది దేని చుట్టూ ఉందో ఆ వస్తువునే మ్యాపులోంచి తీసేయొచ్చు!

జాతీయ పార్కులు, అభయారణ్యాల చుట్టూ కనీసం ఒక కిలోమీటరు పర్యావరణ సున్నిత మండలం ఉండాలని 2022 జూన్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అన్నిచోట్లా ఒకే కొలత కుదరదని 2023 ఏప్రిల్‌లో తానే సడలించింది. అంతకుముందే, 2020లో, హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న కేబీఆర్ జాతీయ పార్కు చుట్టూ 3 మీటర్ల నుంచి 29.8 మీటర్ల దాకా మండలాన్ని కేంద్రం నోటిఫై చేసింది. మూడు మీటర్లంటే ఒక కారు పొడవు కూడా లేదు.

సడలింపులు మిష్నాకు కొత్తవేం కావు. సబ్బాతు నాడు పక్క ఊళ్లో చావుకో పెళ్లికో వెళ్లాల్సినవాడికి దారి చూపించింది. శుక్రవారం పొద్దుగూకక ముందే రెండు పూటల తిండి పట్టుకెళ్లి హద్దు దగ్గర పెట్టాలి. అప్పుడు అతని ఊరు ఆ తిండి ఉన్నచోటికి మారినట్టు, రెండువేల మూరలు అక్కణ్ణుంచి మొదలవుతాయి. కేంద్రం జరిగింది కాబట్టి వెనక వైపు హద్దు కూడా అంత మేరా జరుగుతుంది. తూర్పున సంపాదించుకున్న ప్రతి మూరా పడమట వదులుకోవాల్సిందే, రెండు వైపులా కావాలంటే కుదరదు. మండలాలు కుదించే నోటిఫికేషన్లలో మండలం వెడల్పెంతో మీటర్లతో సహా ఉంటుంది. తగ్గినదానికి బదులు ఎక్కడ ఎంత పెరిగిందో చెప్పే గడి కూడా అందులో పెట్టమని ఎవరైనా అడగొచ్చు.